బరంపురంలో ఇంటి షెడ్డులో కిట్ విమానం: ముందుగా తేల్చుకోవలసినది ఏది?

రేకుపని (బరంపురం)

సభ్యులందరికీ నమస్కారం. మాది బరంపురంలో బస్సులకూ లారీలకూ బాడీలు కట్టే షెడ్డు. రేకు కత్తిరించడం, వంచడం, రివెట్టు వెయ్యడం మా నాన్నగారి కాలం నుంచి మాకు అన్నం పెడుతున్న పని. మా మేనల్లుడు ప్రైవేటు పైలట్ లైసెన్సు తీసుకుని వచ్చిన దగ్గరనుంచీ, విడి భాగాలుగా పెట్టెల్లో వచ్చే రెండు సీట్ల కిట్ విమానం ఒకటి తెప్పించుకుని మన షెడ్డులోనే కూర్చుకుందామన్న మాట ఇంట్లో గట్టిపడింది.

మా ఆలోచనలో ఉన్నవి రెండు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో వాన్స్ సంస్థ తయారుచేసే ఆర్‌వి-12 ఒకటి, మిజోరీ రాష్ట్రంలో జెనిత్ సంస్థ తయారుచేసే సిహెచ్ 701 రెండవది. రెండూ అల్యూమినియం రేకువే. రెంటిలోనూ ఎక్కువ భాగం ఒక వైపు నుంచే లాగి బిగించే పాప్ రివెట్లే. అబ్బాయి మనసు ఆర్‌వి-12 మీద ఉంది. షెడ్డు పొడవుకు లోటు లేదు గాని, తలుపు వెడల్పు పది అడుగులే. ఏ కిట్ మేలో, పని ఎక్కడ మొదలుపెట్టాలో, మేము చూడని ఇబ్బందులేమిటో పెద్దలు చెప్పాలని కోరుతున్నాను.

విశ్రాంత ఏఎంఈ (రాయగడ)

నమస్కారం. ఏఎంఈగా, అంటే విమానాల నిర్వహణ ఇంజినీరుగా, మరమ్మతుల్లో జీవితం గడిపినవాణ్ణి కనుక కొంచెం నిక్కచ్చిగా చెబుతాను, ఏమీ అనుకోవద్దు. కిట్ పేరు తేల్చుకునే ముందు, ఆ విమానం ఏ నేల మీద నుంచి లేస్తుంది, ఏ తరగతి కింద నమోదవుతుంది అన్న రెండూ తేలాలి. ఈ రెండూ తేలితే కిట్ పేరు దానంతటదే తేలుతుంది.

మన దేశంలో ఏ పౌర విమానమైనా పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ దగ్గర నమోదై, వీటీ అక్షరాలతో మొదలయ్యే గుర్తు పొందాలి. 1934 నాటి విమానాల చట్టం స్థానంలో వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. సొంతంగా కట్టుకునే చిన్న విమానానికి కాస్త అందుబాటులో ఉండేది మైక్రోలైట్ తరగతి. అందులో రెండు సీట్లకు మించకూడదు, ఎగిరేటప్పటి మొత్తం బరువు 450 కిలోలు దాటకూడదు. ఇప్పుడు లెక్క వేసుకోండి. ఆర్‌వి-12 ఖాళీ బరువే 330 కిలోలు దాటుతుంది. దాని రూపకల్పన 600 కిలోల మొత్తం బరువుకు జరిగింది. 450 లోంచి ఖాళీ బరువు తీసేస్తే 120 కిలోలు కూడా మిగలవు. అంటే ఒక మనిషి, కొంచెం పెట్రోలు. రెండో సీటు అలంకారానికే. సిహెచ్ 701 ఖాళీ బరువు 263 కిలోల ప్రాంతంలో ఉంటుంది కనుక 187 కిలోలు మిగులుతాయి. 75 కిలోల మనుషులు ఇద్దరు ఎక్కినా ఇంకా 37 కిలోలు, అంటే 50 లీటర్ల పెట్రోలుకు చోటుంటుంది. తూకం రాయి ముందు ముచ్చట నిలవదు.

అమెరికాలో ఇంట్లో కట్టినవాటికి ప్రయోగాత్మక తరగతి ఒకటి ఉంది. పనిలో సగానికి పైగా కట్టేవాడే, నేర్చుకోవడం కోసమో సరదా కోసమో చేసి ఉండాలన్నది అక్కడి షరతు. వీడియోల్లో మీరు చూసేవన్నీ ఆ నియమాల కింద జరిగిన పనులు. అక్కడి పద్ధతి ఇక్కడా చెల్లుతుందనుకుని డబ్బు కట్టేస్తే పెట్టెలు షెడ్డులోనే ఉండిపోతాయి. కాబట్టి ఏ సంస్థకైనా బయానా పంపే ముందు, మీరు ఎంచుకున్న నమూనా పేరు, ఇంజిను, బరువులు రాసి, దానిని ఏ తరగతి కింద స్వీకరిస్తారో, కట్టే దశలో ఎవరు వచ్చి పరిశీలిస్తారో డీజీసీఏ నుంచి రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఎడమ రెక్క (బరంపురం)

నేనే ఆ మేనల్లుణ్ణి. ఏఎంఈ గారి లెక్క కాదనలేను గాని, ఒక మాట విన్నవించుకుంటాను. ఆర్‌వి-12 గంటకు 200 కిలోమీటర్లకు పైగా పోతుంది, సిహెచ్ 701 మాత్రం 130 దగ్గర ఆగిపోతుంది. కట్టేది ఒక్కసారే కదా, విశాఖకో భువనేశ్వరానికో హాయిగా వెళ్ళిరాగలిగేది కట్టుకుంటే బాగుండదా? పైగా దాని రెక్కలు పిన్నులు తీసి విడదీయవచ్చు కనుక పది అడుగుల తలుపు సమస్య కూడా ఉండదు.

విశ్రాంత ఏఎంఈ (రాయగడ)

బాబూ, విశాఖ విమానాశ్రయం నౌకాదళానిది. అక్కడికి మైక్రోలైట్‌లో సరదాగా వెళ్ళిరావడం అన్న ఊహను పక్కన పెట్టు. మైక్రోలైట్ పగటి వెలుగులో, కంటికి నేల కనిపిస్తూ ఉండగా ఎగరవలసినది. నీ దగ్గర ఉండబోయేది బరంపురం పక్కనున్న రంగేయిలుండా ఎయిర్‌స్ట్రిప్, దాని చుట్టుపక్కల ఆకాశం. అదీ అనుమతి దొరికితే. అంత మేరకు 130 చాలు, మిగులుతుంది కూడా.

గోపాల్‌పూర్ ఒడ్డు (గోపాల్‌పూర్)

ఆ చుట్టుపక్కల ఆకాశం గురించే ఒక మాట. ఇక్కడి గోలబంధలో సైన్యం వారి వాయు రక్షణ కళాశాల ఉంది. ఈ తీరంలో సముద్రం మీదికి కాల్పుల సాధన జరుగుతుంది, ఆ సమయాల్లో ఆకాశాన్ని మూసివేస్తారు. రంగేయిలుండా నుంచి లేచిన విమానం తూర్పుకు తిరిగితే నిమిషాల్లో సముద్రం వస్తుంది. కనుక ఏ రోజు ఎగరాలన్నా ఆ రోజు నోటామ్‌లు (పైలట్లకు ఇచ్చే హెచ్చరిక ప్రకటనలు) చదవకుండా, ఎయిర్ ట్రాఫిక్ వారితో మాట్లాడకుండా ఇంజిను ముట్టించకూడదు. ఎగిరే పరిధిని పడమర వైపు, పొలాల మీదుగా ఊహించుకుని పథకం వేసుకోవడం మంచిది.

పర్లాకిమిడి మాస్టారు (పర్లాకిమిడి)

అనుమతుల విషయంలో మనకు దగ్గరి ఉదాహరణ మహారాష్ట్రలో ఉంది. కెప్టెన్ అమోల్ యాదవ్ అనే పైలట్ ముంబైలో కాందివలీ ప్రాంతంలోని తమ ఇంటి డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టారు. 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో జనమంతా దానిని చూశారు. రిజిస్ట్రేషన్ 2017లో వచ్చింది. పరీక్షల కోసం గాలిలోకి లేచింది ఆ తరువాతి సంవత్సరాల్లో, ధూలేలో. ఆయనది సొంత రూపకల్పన కనుక ప్రశ్నలు ఎక్కువ. పేరున్న కిట్‌కు అన్ని ప్రశ్నలు ఉండకపోవచ్చు గాని, కాగితాల పని రేకు పనికంటే ముందు మొదలై దానికంటే వెనక ముగుస్తుందన్నది మాత్రం తెలుస్తూనే ఉంది.

కొండగాలి (జయపురం)

మా జయపురం ఎయిర్‌స్ట్రిప్‌కు 2022లో ఉడాన్ పథకం కింద తొమ్మిది సీట్ల సెస్నా కారవాన్ రావడం మొదలైనప్పుడు, ఇక చిన్న విమానాలకు ఇక్కడ ఎదురే లేదని మా మిత్రులు కొందరు సంబరపడ్డారు. ఎవరైనా కొండ మీదికి ఎగరాలనుకుంటే ఈ లెక్క చూసుకోవాలి. మా ఎయిర్‌స్ట్రిప్ సముద్ర మట్టానికి 600 మీటర్ల ఎత్తున ఉంది. మే నెలలో 38 డిగ్రీల ఎండలో గాలి ఎంత పలచబడుతుందంటే, ఇంజినూ రెక్కా తాము 1,500 మీటర్లకు పైన ఉన్నట్టుగా ప్రవర్తిస్తాయి. టర్బో లేని ఇంజిను శక్తి వెయ్యి అడుగులకు సుమారు మూడు శాతం చొప్పున తగ్గుతుంది కనుక, వంద గుర్రాల ఇంజిను ఇక్కడ 85 గుర్రాలదే. ప్రొపెల్లర్ పట్టు, రెక్క ఎత్తే బలం కూడా అదే పాళ్ళలో పడిపోతాయి. సంస్థవారి కాగితంలో రాసి ఉండే పరుగు దూరం చల్లని ఉదయం, సముద్ర మట్టాన, చెయ్యి తిరిగిన పైలట్ సాధించిన అంకె.

బరంపురం వారికి ఎత్తు బాధ లేదు, ఎండ బాధ ఉంది. సిహెచ్ 701ను క్రిస్ హైన్ట్జ్ అనే ఇంజినీరు చిన్న చదునులేని నేలల నుంచి లేవడానికే రూపొందించాడు. రెక్క ముందంచున కదలని స్లాట్ అనే సన్నని పలక ఒకటి ఉంటుంది, వెనకంచు పొడవునా నెమ్మదిగా ఎగరడానికి దించే ఫ్లాపూ, విమానాన్ని పక్కకు వంచే ఎయిలరానూ ఒకటే పలకగా పనిచేస్తుంది. గంటకు 48 కిలోమీటర్ల ప్రాంతానికి వేగం తగ్గేదాకా రెక్క పట్టు వదలదు. మన ఎండలకు అలాంటి రెక్కే నయమని నా అభిప్రాయం.

గోపాల్‌పూర్ ఒడ్డు (గోపాల్‌పూర్)

కొండగాలి గారు చెప్పిన ఆ 48 అంకెను నేల మీద నిలిపి ఉంచిన విమానానికి కూడా అన్వయించుకోండి. ఎదురు గాలి గంటకు 48 కిలోమీటర్లు వీస్తే, పైలట్ లేకుండానే ఆ రెక్క లేవడానికి సిద్ధపడుతుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను మా ఊరి దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటింది. ఆ గాలుల ముందు తాళ్ళూ మేకులూ ఏపాటి? అందుచేత ఎయిర్‌స్ట్రిప్‌లో తాత్కాలికంగా రేకుల కొట్టం వేసి విమానాన్ని అందులో ఉంచుదామనుకోవద్దు. తుఫాను హెచ్చరిక రాగానే రెక్కలు విప్పి, ట్రాలీ మీద ఊళ్ళోని పక్కా షెడ్డుకు చేర్చగలగాలి. ఇద్దరు మనుషులు ఒక పూటలో ఈ పని చెయ్యగలిగేట్టు ట్రాలీని విమానంతో పాటే కట్టుకోండి. మీ పది అడుగుల తలుపు అప్పుడు పరీక్షకు వస్తుంది.

ఇక ఉప్పు గాలి. జెనిత్ వాడే 6061-టి6 మిశ్రమం తుప్పును బాగానే ఓర్చుకుంటుంది, అయినా రేకు మీద రేకు కలిసే ప్రతి అతుకు లోపలా ప్రైమర్ (తుప్పును ఆపే అడుగు రంగు) పుయ్యకుండా మూసేస్తే, పదేళ్ళ తరువాత రివెట్ల వరస వెంట తెల్లని పొడి రాలుతుంది. బయట రంగు ఎంత మెరిసినా లోపల జరిగేది కనిపించదు.

ఆకురాయి (గుణుపురం)

పెట్రోలు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇలాంటి చిన్న విమానాలకు బిగించే రోటాక్స్ 912 ఇంజిను మామూలు కారు పెట్రోలు మీద నడుస్తుందని చదివాను. మరి ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇథనాల్ 20 శాతం కలిపినది కదా, ఆ ఇంజిను దానిని తట్టుకుంటుందా?

విశ్రాంత ఏఎంఈ (రాయగడ)

మంచి ప్రశ్న. రోటాక్స్ 912 వరసకు తయారీదారు ఒప్పుకున్నది పది శాతం ఇథనాల్ వరకే. 80 గుర్రాల రకానికి 90 ఆక్టేన్, 100 గుర్రాల రకానికి 95 ఆక్టేన్ కావాలి. బంకు పెట్రోలులో ఆక్టేన్ సరిపోయినా ఇథనాల్ పాలు మించిపోతుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన తీరంలో సగం నింపిన ట్యాంకును వానాకాలమంతా వదిలేస్తే, నీళ్ళూ ఇథనాలూ కలిసి అడుగుకు చేరి విడిపోతాయి, పైన మిగిలిన పెట్రోలు ఆక్టేన్ పడిపోతుంది. రబ్బరు గొట్టాలూ, ట్యాంకు అతుకుల్లో వాడే సీలెంటూ మెత్తబడే ప్రమాదం వేరే ఉంది.

పరీక్ష చాలా సులువు. 100 మిల్లీలీటర్ల గుర్తులున్న గాజు గొట్టంలో 20 గీత దాకా నీళ్ళు, ఆపైన 100 దాకా పెట్రోలు పోసి, మూతపెట్టి బాగా కుదిపి నిలబెట్టండి. ఇథనాల్ నీళ్ళలోకి దిగిపోతుంది. నీటి మట్టం 20 దగ్గరే ఉంటే ఇథనాల్ లేదు, 28 దగ్గర ఆగితే పది శాతం, 36 దాకా లేస్తే ఇరవై శాతం. గుణుపురం బంకులో పట్టిన పెట్రోలుతో నువ్వే చేసి చూడు.

మిగిలిన దారి విమానాల కోసమే తయారయ్యే పెట్రోలు, అవ్‌గ్యాస్ 100 ఎల్ఎల్. అందులో సీసం ఉంటుంది కనుక ఇంజిను నూనె, ప్లగ్గులు తొందరగా మార్చాలి. ఇండియన్ ఆయిల్ 2022లో ఇక్కడే తయారైన అవ్‌గ్యాస్‌ను విడుదల చేసింది గాని, మనలాంటి చోట్లకు అది డ్రమ్ముల్లో రావలసిందే. 30 లీటర్లు దాటి పెట్రోలు నిల్వ ఉంచాలంటే పెట్రోలియం చట్టం కింద లైసెన్సు గొడవ వస్తుంది. 200 లీటర్ల డ్రమ్ము బాడీ షెడ్డులో, వెల్డింగు రవ్వల మధ్య పెట్టడం నేను ఒప్పుకోను.

రేకుపని (బరంపురం)

ఇన్ని సంగతులు మాకు తోచనే లేదు. కిట్ విషయం దాదాపు తేలినట్టే, అబ్బాయీ మెత్తబడ్డాడు. పనితనం గురించి అడుగుతాను. రోజుకు వందల రివెట్లు వేసే చేతులు మావి. విమానం రేకుకు కొత్తగా నేర్చుకోవలసినది ఏముంటుంది?

విశ్రాంత ఏఎంఈ (రాయగడ)

రేకుపని గారూ, మీ అలవాట్లలో కొన్ని మానుకోవడమే పెద్ద పని. బస్సు బాడీలో రంధ్రం కొంచెం కోలగా పోతే పెద్ద వాషరు వేసి లాగేస్తాము. ఇక్కడ ఆ రంధ్రాన్ని తరువాతి సైజుకు సాపు చేసి పెద్ద రివెట్టు వెయ్యాలి, అదీ అంచు దూరం సరిపోతేనే. రంధ్రం మధ్య నుంచి రేకు అంచుకు, రివెట్టు మందానికి కనీసం రెండింతల దూరం ఉండాలి. అంతకంటే తగ్గితే ఆ ముక్క పారేసి కొత్తది చేసుకోవలసిందే.

రేకు మీద గీతలు పెట్టడానికి మీ మేస్త్రీలు చెవిలో పెట్టుకునే పెన్సిలును షెడ్డులోంచి పంపించెయ్యండి. పెన్సిలు గీతలోని గ్రాఫైటుకు తేమ తగిలితే అల్యూమినియం ఆ గీత వెంటే తినుకుపోతుంది. సన్నమొన మార్కరు వాడండి. సూదిమొనతో గీరడమైతే ఇంకా చెడ్డది, ఆ గాటులోంచే పగులు పుడుతుంది. ఇనుము రాసిన ఆకురాయినీ, ఇనుము తోమిన తీగ బ్రష్షునూ అల్యూమినియానికి తగలనివ్వకండి. ఇనుప రజను రేకులో ఇరుక్కుని తుప్పు పుట్టిస్తుంది. విమానం పనిముట్లకు వేరే పెట్టె, దానికి తాళం.

అన్నిటికంటే ఓపిక కావలసినది ఇది. రెండు రేకులు జతచేసి రంధ్రాలు పెట్టాక, వాటిని మళ్ళీ విడదీయాలి. రంధ్రం అంచున రెండు వైపులా లేచిన గరుకును తీసెయ్యాలి, మధ్యలో పడిన తుంపులు తుడవాలి, ప్రైమర్ పుయ్యాలి, ఆపైన మళ్ళీ జతచేసి రివెట్లు వెయ్యాలి. రేకులను తాత్కాలికంగా పట్టి ఉంచడానికి క్లీకోలు ఉంటాయి, ఒక్కొక్క సైజుకు ఒక్కొక్క రంగు. అంగుళంలో ఎనిమిదో వంతుకు రాగి రంగు, 32లో అయిదో వంతుకు నలుపు. వీటిలో పొదుపు చెయ్యవద్దు. సరిపడా లేకపోతే మూడు రంధ్రాలకు ఒకటి పెట్టాలనిపిస్తుంది, ఆ మధ్య ఖాళీలో రేకు ఉబ్బి, చివరి రంధ్రం దగ్గరికి వచ్చేసరికి అర మిల్లీమీటరు తేడా తేలుతుంది.

పాప్ రివెట్టు మాటకు వస్తే, బజారు రివెట్టు ఒక్కటి కూడా కలపకూడదు. కిట్‌తో వచ్చిన రివెట్టు తల చదునుగా ఉంటుంది. లాగే పనిముట్టు ముక్కును గుంటగా మలచి ఉంచుతారు కనుక లాగినప్పుడు తల గుండ్రంగా తిరుగుతుంది. తల కింద గోరు దూరితే ఆ రివెట్టు పనికిరానిది. తలను జాగ్రత్తగా తొలిచి, కాడను రంధ్రం పెద్దది కాకుండా వెనక్కి తట్టి తీసి, మరొకటి వెయ్యాలి.

బల్ల విషయం కూడా చెప్పి ఆపుతాను. రెక్క మెలిక తిరిగితే తరువాత ఏ సర్దుబాటూ దానిని నయం చెయ్యదు. బల్ల చదును నీటి గొట్టంతో చూసుకోండి; గోడలు కట్టే మేస్త్రీలు వాడే పారదర్శక గొట్టమే చాలు. ప్రతి చట్రానికీ మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవండి. రెండూ సమానం కాకపోతే రివెట్టు గన్ను చేతిలోకి తీసుకోకండి.

ఎపాక్సీ (బెంగళూరు)

మాది బరంపురమే, ఉద్యోగరీత్యా బెంగళూరు. ఫోమును కోసి, గాజు బట్టను ఎపాక్సీతో అంటించి కట్టే విమానాలు కూడా ఉన్నాయని చెప్పకపోతే చర్చ అసంపూర్ణం. అమెరికా ఇంజినీరు బర్ట్ రూటన్ రూపొందించిన లాంగ్-ఈజీ విమానం ఆధారంగా ఇక్కడి ప్రభుత్వ విమాన పరిశోధన సంస్థ ఎన్ఏఎల్ 1980లలో ఒక పరిశోధన విమానం కట్టి 1987లో ఎగరేసింది. ఆ అనుభవం ఆ సంస్థే తరువాత కట్టిన హంస విమానానికి పనికొచ్చింది. గొట్టాలూ బట్టా అయితే రాజ్ హంస సంస్థ వారి ఎక్స్-ఎయిర్ మన దేశంలోనే తయారైనది. కాని రేకు పని వచ్చినవారు రేకు వదిలి ఎపాక్సీకి రావడం నేనూ సలహా ఇవ్వను. బరంపురం ఉక్కలో ఆరబెట్టిన ఎపాక్సీ మీద జిడ్డులాంటి పొర కడుతుంది. దానిని కడిగి గీకకుండా పైపొర వేస్తే అతుకు పట్టదు.

ఎడమ రెక్క (బరంపురం)

సిహెచ్ 701కే ఒప్పుకున్నాను. ఒక్క మార్పు మాత్రం చేద్దామనుకుంటున్నాము. ఇంధనం ట్యాంకులు మార్చే వాల్వు నా చేతికి అనువుగా సీటు వెనక పక్కకు జరిపి, ముందు ప్యానెల్‌లో పెద్ద తెరకు చోటు చేసుకుందామని మామయ్య, నేను అనుకున్నాము. ఇందులో ఇబ్బంది ఉంటుందా?

పర్లాకిమిడి మాస్టారు (పర్లాకిమిడి)

నాయనా, సరిగ్గా ఆ మార్పే ఒక ప్రసిద్ధ గాయకుడి ప్రాణం తీసింది. జాన్ డెన్వర్ 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియాలోని మాంటెరే అఖాతంలో కూలిపోయింది లాంగ్-ఈజీలోనే. దానిని కట్టిన మొదటి మనిషి, నక్షాలో పైలట్ కాళ్ళ మధ్య ఉండవలసిన ఇంధన వాల్వును ఎడమ భుజం వెనక్కి మార్చాడు. దానిని తిప్పాలంటే పైలట్ ఒళ్ళు మొత్తం వెనక్కి తిరగాలి. అలా తిరిగినప్పుడు కుడి పాదం తెలియకుండా రడ్డర్ (చుక్కాని) పెడల్‌ను తొక్కుతుందని దర్యాప్తు చేసినవారు తేల్చారు. ట్యాంకులో ఇంధనం తక్కువ, ఎత్తు తక్కువ. సర్దుకోవడానికి సమయం చిక్కలేదు.

కొత్తవాళ్ళే ఇలా చేస్తారనుకోవద్దు. రేసు విమానాలు కట్టడంలో పండిపోయిన స్టీవ్ విట్‌మన్ 1995లో భార్యతో సహా మరణించింది సొంతంగా కట్టిన విమానంలోనే. రెక్క మీది బట్టను అతికించడంలో నిర్దేశించిన పద్ధతి పాటించలేదని, ఆ బట్ట ఊడి ఎయిలరాన్, రెక్క అదిరిపోయాయని దర్యాప్తులో వచ్చింది. నక్షాలో ప్రతి గీత వెనకా ఒక కారణం ఉంటుంది, అది మనకు కనిపించకపోవచ్చు. తెరను చిన్నది చేసుకో, వాల్వును కదిలించకు.

విశ్రాంత ఏఎంఈ (రాయగడ)

మాస్టారి మాటకు నా ఓటు. వాల్వు ఉన్నచోటే ఉండాలి. దానితో పాటు ఇంకొకటి రాసుకోండి. ఇంజిను బిగించాక, ముక్కు పైకెత్తి, విమానం అన్నిటికంటే నిటారుగా ఎక్కేటప్పుడు ఉండే కోణంలో నిలబెట్టి, ట్యాంకులో అడుగున కొంచెమే పెట్రోలు ఉంచి, కార్బురేటర్ దగ్గర గొట్టం విప్పి బకెట్టులోకి పారనివ్వాలి. 100 గుర్రాల రోటాక్స్ పూర్తి శక్తితో గంటకు 27 లీటర్లు తాగుతుంది. పంపు లేకుండా బరువుతోనే దిగే ఏర్పాటులో దానికి ఒకటిన్నర రెట్లు రావాలని అమెరికా వారి మార్గదర్శకం. అంటే పది నిమిషాల్లో బకెట్టులో దాదాపు ఏడు లీటర్లు పడాలి. పడకపోతే గొట్టంలో ఎక్కడో మెలిక ఉందని అర్థం, అది దొరికేదాకా ఎగరడం మాట ఎత్తకూడదు.

రేవు గుమాస్తా (విశాఖపట్నం)

దిగుమతి కాగితాలు చూసే ఉద్యోగం నాది. రెండు మాటలు చెప్పి తప్పుకుంటాను. పెట్టెలు చెక్కవైతే వాటి మీద వేడి చేసి పురుగు చంపినట్టు తెలిపే అంతర్జాతీయ ముద్ర ఉండాలి, లేకపోతే రేవులోనే ఆపుతారు. కిట్ విడి భాగాలకు ఏ కోడ్ కింద సుంకం పడుతుందో ఓడ ఎక్కకముందే కస్టమ్స్ ఏజెంటుతో తేల్చుకోండి. సరుకు దిగాక వాదన మొదలుపెడితే రేవు అద్దె రోజురోజుకూ పెరుగుతుంది. పెట్టె ఇంటికి రాగానే జాబితా పట్టుకుని ప్రతి భాగం సరిచూడండి. తగ్గినవి చెప్పడానికి సంస్థలు గడువు పెడతాయి. రేకుకు ఓడలో సొట్ట పడితే పెట్టె విప్పకముందే ఫొటో తీసి ఉండాలి.

గంజాం కోడలు (ఛత్రపురం)

ఇంటి లెక్క చూసేవాళ్ళ తరఫున ఒక ప్రశ్న. మొత్తం కిట్‌కు ఒకేసారి డబ్బు కట్టవలసిందేనా? నడుమ మనసు మారితేనో, అనుమతి రాకపోతేనో ఆ డబ్బు గతేమిటి?

కొండగాలి (జయపురం)

అవసరం లేదమ్మా. చాలా సంస్థలు తోక, రెక్కలు, మధ్య భాగం, ఇంజిను సామగ్రి విడివిడిగా అమ్ముతాయి. జెనిత్ వారైతే చుక్కాని ఒక్కటే మొదటి కిట్‌గా కూడా ఇస్తారు. ఈ నమూనాలో నిలువు తోక మొత్తం ఒకే కదిలే పలక కనుక అది చిన్నదే అయినా అందులో చట్రం, రిబ్బులు, పైరేకు, రివెట్లు అన్నీ ఉంటాయి. ఆ ఒక్క ముక్క కట్టేసరికి పని నచ్చిందో లేదో తెలిసిపోతుంది. ఇంజినును చివరిదాకా కొనవద్దు. వారంటీ గడువు షెడ్డులో పడుకుని ఉండగానే అయిపోతుంది.

రేకుపని (బరంపురం)

అందరికీ ధన్యవాదాలు. మా నిర్ణయం ఇది. డీజీసీఏకు ఉత్తరం ఈ వారమే రాస్తాము, రంగేయిలుండా గురించి రాష్ట్ర అధికారులను వేరుగా అడుగుతాము. జవాబు వచ్చేదాకా చుక్కాని కిట్ ఒక్కటే తెప్పిస్తాము. షెడ్డులో వెల్డింగు జరిగే వైపుకు దూరంగా గోడ కట్టి, ఆ వెనక భాగం విమానానికి కేటాయిస్తాము. వాల్వు నక్షాలో ఉన్నచోటే ఉంటుంది. ఏఎంఈ గారు ఒకసారి బరంపురం వచ్చి చుక్కానిని చూసిపెడతారా?

విశ్రాంత ఏఎంఈ (రాయగడ)

తప్పకుండా వస్తాను, రైలు ఖర్చు నాదే. నేను వచ్చేదాకా రెండవ వైపు పైరేకు మూయవద్దు, క్లీకోలతోనే ఉంచండి. మూసేశాక లోపలి ప్రైమర్ నాకు కనిపించదు. అంతకంటే ముందు ఆరంగుళాల రేకు ముక్కలు రెండు తీసుకుని, వరసగా ఇరవై రివెట్లు వేసి, ఒక్కొక్కటీ తొలిచి తీసి, రంధ్రాలను కొలిచి ఇక్కడ ఫొటోలు పెట్టండి. ఫొటోలో రంధ్రాల పక్కన స్కేలు కనిపించాలి, మార్కరుతో ప్రతి రంధ్రానికీ నంబరు ఉండాలి. పని మీరొక ముక్క, అబ్బాయి ఒక ముక్క చెయ్యండి. ఎవరి ముక్క ఏదో మాత్రం నాకు చెప్పకండి.